అస్తరులో అరచెయ్యి

సాయంత్రం నాలుగు గంటలు...

పొద్దు ఇంకా వాలనే లేదు. అయినా ఆ వీధిని అకాల తమస్సు ఆవరించింది! ఎటునుంచి వచ్చిందో తెలియని కాలమేఘం ఒకటి సరిగ్గా ఆ వీధి నెత్తిన వచ్చి నిలబడిపోయింది. పక్క వీధిలో ఎండ కాస్తూనే ఉంది, పిల్లలు బంతాట ఆడుకుంటూనే ఉన్నారు. ఈ వీధిలో మాత్రం చెప్పుల దుకాణం ఆయన విసుక్కుంటూ దీపం వేసుకున్నాడు. గాలి స్తంభించింది. దూరాన ఎక్కడో ఒక ఉరుము గొంతులోనే అణచుకున్న మూలుగులా మొదలై ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కరెంటు తీగ మీద వాలిన గుడ్లగూబ ఒకటి పట్టపగలు మూడుసార్లు కూసింది...

ఎవరూ తలెత్తి చూడలేదు. ఎవరి గొడవలో వాళ్ళున్నారు. మనుషులు ఎప్పుడూ అంతే, చూడాల్సినప్పుడు చూడరు. గుడ్లగూబ మాత్రం రెప్ప వెయ్యకుండా ఎదురుగా ఉన్న దుకాణం తలుపునే చూస్తోంది.

అది పాత బట్టలకు పట్టిన మరకలు తీసే దుకాణం. తాతల నాటి కోట్లు, నాయనమ్మల పెళ్ళి గౌన్లు, పెట్టె అడుగున ముప్పై ఏళ్ళు మగ్గిన శాలువలు... మామూలు లాండ్రీకి ఇస్తే పీలికలై తిరిగొచ్చేవన్నీ ఇక్కడికి వస్తాయి. దుకాణం నడిపే ఆవిడకి కన్నవాళ్ళు ఏ పేరు పెట్టారో వీధికి తెలియదు. అందరికీ ఆమె మరకలక్క. ఏభై దాటిన మనిషి. నీళ్ళలో నాని నాని చేతివేళ్ళు మాత్రం ఆమెకంటే ఇరవై ఏళ్ళు ముందే ముసలివైపోయాయి. మరకని చూసి మనిషి గుట్టు చెప్పేస్తుంది. మొన్నొక పెద్దమనిషి వాళ్ళ నాన్నగారి కోటు తెచ్చి, కాలరు మీద సిరా పడిందమ్మా అన్నాడు. మరకలక్క వాసన చూసి, "సిరా కాదండీ, జుట్టుకేసుకునే రంగు. మీ నాన్నగారిది కూడా కాదు, మీదే. కోటు మీరే తొడుక్కుంటున్నారు కదూ" అంది. ఆయన ఇప్పటిదాకా ఆ కోటు కోసం రాలేదు.

ఆమె విద్యలో ఓర్పు తప్ప రహస్యమేమీ లేదు. తుప్పుకి నిమ్మరసం, ఉప్పు. నూనెకి సుద్దపొడి. సిరాకి పాలు. రక్తానికి చన్నీళ్ళు. "చన్నీళ్ళే. పొరపాటున కూడా వేణ్ణీళ్ళు తగలకూడదు. తగిలిందా, రక్తం ఉడికి దారంలోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా తియ్యలేడు" అని కూతురికి వందసార్లు చెప్పింది. పదేళ్ళప్పుడు ఆ కూతురు, ముక్కు అదిరి రక్తం కారిన చొక్కాని ఎవరికీ తెలియకుండా వేణ్ణీళ్ళలో ముంచేసింది. ఆ చొక్కా ఇప్పటికీ పనిగదిలో మేకుకి వేలాడుతోంది. చెయ్యకూడనిదేమిటో గుర్తుండాలని తల్లే తగిలించింది.

కూతురికి ఇప్పుడు ఇరవై ఒకటి. చిన్నప్పుడు డబ్బాలో గుండీలు ఏరుకుంటూ గంటలు గంటలు కూర్చునేది కాబట్టి వీధి వీధంతా గుండీ అని పిలిచింది, ఆ పేరే నిలిచింది. మాటకి ముందొకసారి, మాటకి వెనకొకసారి అమ్మా అంటుంది. "అమ్మా, ఈ లేసు చూడు. అమ్మా, తిన్నావా. నా కత్తెర తీశావా అమ్మా." పిలిచినప్పుడల్లా మరకలక్క గుండె నిండేది. నిండిన మరుక్షణమే ఎక్కడో సూది గుచ్చుకునేది. ఎందుకంటే ఆ పిలుపు తనది కాదు. ఆ సంగతి ఈ లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు.

కాదు... ఇంకొకడికి కూడా తెలుసు. వాడు సరిగ్గా అప్పుడే వీధి మలుపు తిరిగాడు!

దుకాణం తలుపు తెరుచుకుంది, మూసుకుంది. తలుపుకి కట్టిన గంట మాత్రం మోగలేదు. గుండీ తలెత్తేసరికి కౌంటరు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా నల్లకోటు, భుజాన తోలుసంచి, చేతిలో కాగితం చుట్టిన మూట. నడక అరవై ఏళ్ళవాడిది. ముఖంలో మాత్రం ఒక్క ముడత లేదు... ఇస్త్రీ చేసిన బట్టలా నునుపుగా, నిర్జీవంగా ఉంది. గోళ్ళు నల్లబడి ఉన్నాయి. వాడి ఒంటి నుంచి తడిసిన బూడిద వాసన వచ్చింది.

"రండి, కూర్చోండి. ఏం బట్టండి?" అంది గుండీ.

వాడు కూర్చోలేదు. ఆమె ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తీరిగ్గా చూశాడు.

"నీ పేరేంటమ్మా?"

"గుండీ అంటారండి."

"మీ అమ్మ లేదూ?"

"లోపలున్నారు. అమ్మా, ఎవరో వచ్చారు."

చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చిన మరకలక్క ఆ మనిషిని చూసింది. ఆమె చేతిలోని తువ్వాలు జారి కింద పడింది. అయినా గొంతు మామూలుగానే పెట్టుకుని, "గుండీ, నువ్వెళ్ళి లోపలి గదిలో ఆ లేసు పని ముగించు. నేను పిలిచేదాకా రాకు" అంది. గుండీ ఇద్దరినీ ఓసారి చూసి, భుజాలెగరేసి, తెర తొలగించుకుని లోపలికెళ్ళింది.

"బాగున్నావా వదినా?" అన్నాడు వాడు.

వాడు ఆమె చెల్లెలి మొగుడు!

ఇరవై ఏళ్ళ వెనకటి మాట. మరకలక్కకి ఒక్కతే చెల్లెలు. ఇద్దరూ తల్లి దగ్గరే కుట్టుపని నేర్చుకున్నారు. కత్తెర పక్కనే ఉన్నా చెల్లెలు దారం పళ్ళతోనే కొరికేది. తల్లి తిట్టేది, ఆమె నవ్వేది. కొరికి కొరికి ముందుపన్ను అంచున చిన్న గాటు కూడా పడింది. ఆ ఇంట్లో ఒక పెళ్ళి గౌను ఉండేది. అమ్మమ్మ తొడుక్కున్నది అమ్మ తొడుక్కుంది, తర్వాత అక్క, ఆ తర్వాత చెల్లెలు. దంతం రంగు పట్టు, మెడ చుట్టూ లేసు, ముత్యపుచిప్ప గుండీలు పన్నెండు. అక్క మొగుడు పెళ్ళైన రెండో ఏడే జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది.

చెల్లెలు కట్టుకున్నవాడు క్షుద్రోపాసకుడని ఎవరికీ తెలియదు. మేడ మీద తాళం వేసిన గదిలో వాడు ఏ దుష్టశక్తిని ఆవాహన చేశాడో... ఏ అమాయకుల ఆయుష్షు దొంగిలించి తన ఆయుష్షుకి అతుకు వేసుకున్నాడో... ఒకరోజు ఆ తాళం తీసి ఉంది. ఆమె చూసింది! ఏడాది పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని గబగబా పెట్టె సర్దుకుంది. వెనకనుంచి పడిన దెబ్బ ఎడమ కణత మీద తగిలింది. కణత పట్టుకున్న చెయ్యే ఆసరా కోసం పెట్టెలోని గౌను మీద పడింది.

ఆ సాయంత్రం వాడు ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో పిల్లతో వదిన గుమ్మంలో నిలబడ్డాడు. "మెట్ల మీంచి జారి పడింది వదినా, పోయింది. గౌను ఏదని మీ అమ్మ అడుగుతుంది. కాల్చలేను, ఇలా చూపించలేను. నువ్వైతే తియ్యగలవు. నేను జైలుకి పోతే ఈ పిల్ల అనాథాశ్రమానికి పోతుంది. పోకపోతే నీ దగ్గరే ఉంటుంది. మళ్ళీ నేనెప్పుడూ అడగను" అన్నాడు.

మెట్ల మీంచి జారిన మనిషి చెయ్యి పెట్టెలోని గౌను మీద ఎలా పడిందని ఆమె అడగలేదు. మరక చూడగానే తెలిసింది. మరకలు చదవడమే కదా ఆమె బతుకు! తెలిసీ నోరు మూసుకుంది. చంటిపిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. అంతే, తొట్టెలో చన్నీళ్ళు పట్టింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, పారబోసింది, మళ్ళీ పట్టింది. దీపాలు పెట్టే వేళకి గౌను మీద మరకన్నది లేదు. మర్నాడు వాళ్ళమ్మ ఆ గౌనుని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నా చిన్నదాని గౌనుకి మచ్చైనా అంటలేదే అంది. పెద్దది పక్కనే నిలబడి వింది. ఆ మాట ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కపూట కూడా ఆమెని వదల్లేదు. తిండి దగ్గర గుర్తొచ్చేది, నవ్వుతుండగా గుర్తొచ్చేది. తల్లి పోయాక, తమనెరిగినవాళ్ళు ఎవరూ లేని ఈ వీధికి పిల్లతో వచ్చేసింది. గౌను మాత్రం భార్య గుర్తుగా ఉంచుకుంటానని వాడే పట్టుకుపోయాడు.

ఇప్పుడు ఆ గౌనే కౌంటరు మీద ఉంది.

"మళ్ళీ వచ్చింది, చూడు" అంటూ వాడు కాగితం విప్పాడు.

దంతం రంగు పట్టు మీద, సరిగ్గా గుండెల దగ్గర, గోధుమరంగు నీడ. ఐదు వేళ్ళు... ఒక అరచెయ్యి!

మరకలక్క వంగి ఆ నీడ అంచు తడిమింది. మరుక్షణం తన తప్పేమిటో ఆమెకే అర్థమైంది. పాత గౌనుకి పై బట్ట వేరు, లోపలి అస్తరు వేరు. మరక తీసేముందు అస్తరు కుట్లు విప్పి రెండూ విడివిడిగా చూడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. పై బట్ట తెల్లబడితే చాలనుకుని, అస్తరులోకి దిగినదాన్ని అలాగే వదిలేస్తే, అది ఏళ్ళ తరబడి లోపల మగ్గి మగ్గి ఒకనాడు పైకి తేలుతుంది. చేతికింద పనిచేసేవాళ్ళు ఆ తప్పు చేస్తే ఆమె చెడామడా తిట్టేది. ఆ రోజు కంగారులో ఆమే అస్తరు విప్పలేదు.

"ఇవాళ పొద్దు వాలేలోగా ఇది పోవాలి" అన్నాడు వాడు. తోలుసంచిలోంచి నల్లగా కమిలిన రాగిపాత్ర తీసి పెట్టాడు. "నీ చేత్తోనే తియ్యాలి. తీసిన నీళ్ళు ఒక్క చుక్క కూడా పారబొయ్యకూడదు. ఇందులో పట్టు."

"నేను తియ్యనంటే?"

"అంటే ఏముంది? లోపల లేసు కుడుతున్న పిల్లని పిలుస్తాను. అమ్మా, నేను నీ నాన్నని అంటాను. మీ అమ్మ ఎలా పోయిందో, ఆ రక్తం ఎవరు కడిగారో, ఎందుకు కడిగారో కూడా చెబుతాను. చేసినదానికి నాకు సిగ్గు లేదు వదినా. నీకుంది కదా."

అవును, ఆమెకి ఉంది. తెర వెనక గుండీ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ పిల్ల ఒక్కసారి తనవైపు అసహ్యంగా చూస్తే చాలు, బతికుండి లాభం లేదనిపించింది మరకలక్కకి. గౌను తీసుకుని పనిగదిలోకి నడిచింది. వాడు వెనకే వచ్చాడు.

ఆ గదికి ఒకటే కిటికీ, పడమటి వైపు. లోపలి గదికీ దానికీ మధ్య తెర ఒక్కటే అడ్డం. మేఘం అంచు కింద సన్నని ఎండచార ఒక్కటే మిగిలి ఉంది. మూలన చిన్న పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. వెల్వెట్ బట్టలకి ఆవిరి పట్టడానికి అది పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా అలా మరుగుతూనే ఉంటుంది. గోడ మీద మేకుకి గుండీ చిన్నప్పటి చొక్కా వేలాడుతోంది.

బల్ల మీద గౌను పరిచి, బ్లేడు అంచుతో అస్తరు కుట్లు ఒక్కొక్కటే విప్పింది. అవి చెల్లెలి కుట్లు. పెళ్ళికి ముందు నడుము వదులు చేసుకుంటూ తనే కుట్టుకుంది. చీమంత చిన్నవి, ఒకదాని కొలతకి ఇంకొకటి తప్పలేదు. చివరి కుట్టు తెగింది. అస్తరు తెరుచుకుంది... అక్కడ ఉంది! ఐదు వేళ్ళూ, అరచేతి గీతలతో సహా!

ఇరవై ఏళ్ళ నాటి రక్తం బిగుసుకుపోయి ఉండాలి. చన్నీళ్ళూ ఉప్పూ అద్ది గంటల తరబడి బతిమాలితే గాని కదలకూడదు. ఇది అలా లేదు. తడిదూది తగలగానే పచ్చి నెత్తురై కదిలింది! మరకలక్క దూదిని రాగిపాత్రలో పిండింది. ఎర్రని చుక్క నీళ్ళలో కలిసిపోలేదు. అడుగుకి దిగి, అక్కడే కన్ను తెరిచినట్టు నిలిచిపోయింది. వాడి పెదవులు చప్పుడు లేకుండా కదలడం మొదలుపెట్టాయి.

బయట ఉరిమింది. లోపలి గదిలో కత్తెర కింద పడిన చప్పుడు.

"గుండీ, ఏమైంది?"

"ఏం లేదమ్మా. కాస్త తల తిరిగింది."

బొటనవేలు పోయింది. చూపుడువేలు పోయింది. పాత్రలో ఎరుపు చిక్కబడుతోంది. తెర వెనక కూనిరాగం మారింది. అది గుండీకి తెలిసిన పాట కాదు... ఏడాది పిల్లని ఊపుతూ ఎవరో పాడిన జోల. అరచెయ్యి పోయింది. నడిమివేలు పోయింది.

"అక్కా..."

ఆమెకి వినపడింది. స్పష్టంగా వినపడింది. ఇరవై ఏళ్ళుగా కలల్లో వింటున్న గొంతు అది. అయినా ఆమె చెయ్యి ఆగలేదు! పాపం అనాలో, పాపాత్మురాలు అనాలో నాకే తెలియదు. ఇంకో రెండు వేళ్ళే కదా, అవీ పోతే వీడు పోతాడు, నా పిల్ల నాకుంటుంది అనుకుంది. ఇంకోసారి అద్ది, పిండింది. ఉంగరపువేలు కూడా పోయింది.

తెర పక్కకి తొలిగింది!

గుమ్మంలో గుండీ నిలబడి ఉంది. కాదు... గుండీ శరీరం నిలబడి ఉంది. జుట్టు విడిపోయి ముఖం మీద పడింది. కనుగుడ్లు పైకి తిరిగి తెల్లగా మెరుస్తున్నాయి. ఎడమ కణత, ఎవరూ కొట్టకుండానే, నల్లగా కమిలి లోపలికి పోయింది. ఒక చేతిలో లేసు, ఒక చేతిలో కత్తెర. కత్తెర చేతిలో ఉండగానే ఆమె తల వంచి, దారాన్ని ముందుపళ్ళతో పుటుక్కున కొరికింది.

"అస్తరు ఇప్పుడు విప్పావా అక్కా?" అంది. "అప్పుడు విప్పలేదేం?"

"తొందరలో... తొందరలో మర్చిపోయానే."

"అంత తొందరెందుకు?"

మరకలక్క దగ్గర జవాబు ఉంది. నోరే రాలేదు.

వాడు వికటాట్టహాసం చేశాడు. తోలుసంచిలో చెయ్యి పెట్టి, నల్లగుడ్డలో చుట్టిన వస్తువు తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. గుడ్డ జారింది. తెల్లగా తోమిన కపాలం... ఎడమ కణత దగ్గర చిట్లిపోయి ఉంది. ముందుపన్ను అంచున చిన్న గాటు. ఆ గాటుని మరకలక్క గుర్తుపట్టింది.

"సమాధిలో కూడా ఉండనివ్వలేదా దీన్ని?"

"అదే నన్ను ఉండనివ్వలేదు వదినా. ఇరవై ఏళ్ళుగా రోజూ నా మంచం కాళ్ళ దగ్గర నిలబడుతుంది. నేను సంపాదించుకున్న ఆయుష్షంతా లాగేసింది. ఈ పొద్దు వాలితే నా లెక్క సరి." వాడు పాత్రలోకి తొంగి చూసి పెదవులు తడుపుకున్నాడు. "ఈ మరక ఆఖరి చుక్క దాకా ఇందులోకి దిగి, ఆ పుర్రె మీద పడిందనుకో, ఇక ఇది నా బానిస. నా చావుని నా కడుపున పుట్టిందే మోస్తుంది. కడిగిన చెయ్యే మళ్ళీ కడగాలన్నది నియమం. లేకపోతే నీ గుమ్మం తొక్కేవాణ్ణా?"

గుండీ మోకాళ్ళ మీద కూలబడింది. ఆమె గోళ్ళు నీలంగా మారుతున్నాయి. ఊపిరి అందక గొంతులో గురక పుడుతోంది. మరకలక్క దూది విసిరికొట్టి పాత్ర మీదకి దూకబోయింది. వాడు చిటికెనవేలు ఎత్తాడు, అంతే! కనిపించని చెయ్యేదో ఆమెను గోడకేసి కొట్టింది.

"పారబోస్తే పిల్ల ప్రాణం మోరీలోకి పోతుంది. తల్లి నెత్తురుతో పాటే దిగింది, ముప్పాతిక వంతు ఇందులోనే ఉంది" అన్నాడు వాడు. "మధ్యలో ఆపితే సగం చచ్చి పడుంటుంది. ముగిస్తే హాయిగా పోతుంది. ఇంకో వేలే ఉంది వదినా. కానివ్వు."

మరకలక్క లేచింది. కళ్ళెదురుగా మేకుకి వేలాడుతున్న చిన్న చొక్కా కనిపించింది. పదకొండేళ్ళు అయినా రవ్వంత కూడా వెలవని మరక... దాన్నే చూస్తూ నిలబడింది. ఏం చెయ్యాలో ఆమెకి తెలిసిపోయింది. అది చేస్తే ఏం పోగొట్టుకుంటుందో కూడా తెలిసిపోయింది.

"ఎందుకు కడిగావు అక్కా?" అంది నేల మీది గొంతు.

"నీ పిల్ల కోసం" అంది మరకలక్క. ఈసారి నోరు వచ్చింది. "నువ్వు పోయావని ఏడుస్తూనే, పిల్ల నాకు దొరుకుతుందని సంతోషించాను. వీడే చంపాడని మరక చూసిన నిమిషంలోనే తెలుసు. అమ్మకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. నిన్ను చంపింది వీడు. చంపినట్టే తెలియకుండా చేసింది నేను. ఇరవై ఏళ్ళు నీ పిలుపు నేను పిలిపించుకున్నాను."

వాడు ఈ మాటలన్నీ వినోదం చూస్తున్నట్టు విన్నాడు. కిటికీలో ఎండచార దారమంత సన్నబడింది. అది చూసి వాడి నునుపు ముఖం మొదటిసారి కంగారుపడింది.

"ఏడుపులు తర్వాత. ముందది కానీ."

"ఇలా అద్దుతూ కూర్చుంటే పొద్దు వాలిపోతుంది" అంది మరకలక్క. కళ్ళు తుడుచుకుని, పనిలో పడ్డ మనిషి గొంతు తెచ్చుకుంది. "బట్టని పాత్రలోనే ముంచి, పైనుంచి కాసిని వేణ్ణీళ్ళు పోస్తే చటుక్కున వదులుతుంది."

వాడు అనుమానంగా చూశాడు. "చన్నీళ్ళతో కదా చేస్తున్నావు ఇందాకటినుంచీ?"

"మరకల సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా? ఆ కెటిల్ ఇలా అందుకో."

లోకంలోని దుష్టశక్తులన్నింటినీ వశం చేసుకున్న ఆ మహామాంత్రికుడు పుట్టి బుద్ధెరిగాక తన చొక్కా తను ఉతుక్కున్న పాపాన పోలేదు! పొయ్యి మీంచి కెటిల్ వాడే తెచ్చి ఆమె చేతికి అందించాడు.

మరకలక్క అస్తరుని రాగిపాత్రలో ముంచింది. పాత్రలోని ఎరుపంతా బట్ట తాగేసేదాకా ఆగింది. ఇందాక ఒక్కొక్కటే పోయిన వేళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి... ఉంగరపు, నడిమి, చూపుడు, బొటన! ఆ అరచేతి మీద తన అరచెయ్యి బోర్లించి, కదలకుండా అదిమిపెట్టింది. రెండో చేత్తో సలసల కాగుతున్న నీళ్ళు తన చేతి మీదే ధారగా పోసింది!

ఆమె అరవలేదు. అరిచింది వాడు.

పెళపెళమని పిడుగు పడింది! కిటికీ అద్దాలు చిట్లిపోయాయి. రక్తం ఉడికింది. దారం దారంలోకి, పోగు పోగులోకి ఇంకింది. ఇక ఆ మరకని బట్టనుంచి వేరుచేసే శక్తి ముల్లోకాల్లోనూ లేదు! పాత్రలోంచి లేచిన ఆవిరి గదంతా నిండి, ఒక్కచోట కూడి, స్త్రీ ఆకారం దాల్చింది. మెడ చుట్టూ లేసు, పన్నెండు గుండీలు... మబ్బులాంటి చెయ్యి ఒకటి ముందుకి సాగి వాడి కంఠం మీద పడింది.

పడినచోట ఐదువేళ్ళ మరక లేచింది!

వాడు కోటు చేతితో గొంతు తుడుచుకున్నాడు. మరక చెంపకి పాకింది. చెంప తుడుచుకుంటే నుదుటికి పాకింది. నునుపుగా ఉన్న ఆ ముఖం మీద ఎన్నెన్నో మరకలు కిందనుంచి పైకి తేలాయి... తుప్పురంగువి, నల్లవి, ఎర్రవి, పసిపిల్లల చేతివేళ్ళంత చిన్నవి! వాడు దొంగిలించిన ప్రాణాలన్నీ వాడి చర్మం మీదకి వచ్చి తమ చోటు తాము అడిగాయి. వాడు రెండు చేతులతో గోక్కున్నాడు.

"తియ్యి వదినా, నీకు తెలుసుగా... ఏదో ఒకటి వేసి తియ్యి..."

"ఏది వేసినా పోవు" అంది మరకలక్క. "అస్తరులోంచి వస్తున్నాయి."

కిటికీలో ఆఖరి ఎండపోగు తెగింది. వాడి అరుపు కూడా అక్కడే తెగింది. కోటు ఖాళీ అయి కుప్పగా కూలింది. కోటు కిందనుంచి బూడిదరంగు మురికినీళ్ళు నేల మీద కొద్దిగా పారి ఆగిపోయాయి. బయట గుడ్లగూబ రెక్కలు టపటపలాడించి ఎగిరిపోయింది. మేఘం కరిగి, వాన మొదలైంది. మామూలు వానే.

ముందు గుండీ లేచి కూర్చుంది. కణత మీద కమిలిన నలుపు పోయింది, కళ్ళు మళ్ళీ ఆమె కళ్ళే. లేచి, తొట్టెలో చన్నీళ్ళు పట్టి, మరకలక్క కాలిన చెయ్యి మణికట్టు దాకా అందులో ముంచింది. బొబ్బలెక్కిన ఆ చేతిని వదలకుండా పట్టుకునే కూర్చుంది, కానీ ముఖం వైపు చూడలేదు. తర్వాత తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది. వాడు మిగిల్చిన మురికి ఒక్క తుడుపుకే పోయింది.

"రక్తానికి వేణ్ణీళ్ళు పోస్తే ఇక పోదన్నావు కదా" అంది, నేల వైపు చూస్తూనే.

"అందుకే పోశాను."

"నేను లోపలే ఉన్నాను. అంతా విన్నాను."

మరకలక్క తలూపింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగే మొహం లేక మింగేసింది.

"ఆవిడ పాడింది ఏం పాట?"

"నీ జోల. నువ్వు పడుకునేదానివి కాదు. గంటలు గంటలు పాడేది."

"నువ్వెప్పుడూ నాకది పాడలేదు."

"లేదు. అదొక్కటైనా దానిదిగా ఉంచాలనుకున్నాను."

గుండీ బల్ల దగ్గరికెళ్ళి అస్తరు మీద తన అరచెయ్యి పెట్టి చూసింది. ఐదు వేళ్ళూ అచ్చంగా సరిపోయాయి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. భుజాలు కదిలాయి, ఏడుపు వినపడలేదు. ఆ తర్వాత గౌనుకి అస్తరు పైకి కనబడేలా తిప్పి, ఆరేదాకా గుడ్డతో అద్ది, మేకు మీది చిన్న చొక్కా పక్కనే తగిలించింది. ఇస్త్రీ బల్ల మీది కపాలాన్ని కడిగి, తన మెత్తని శాలువలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వాన తగ్గింది. చెప్పుల దుకాణం ఆయన దుకాణం కట్టేస్తున్న చప్పుడు వినపడింది. పనిగదిలో దీపం వేసేవాళ్ళు లేక చీకటి పడుతోంది. మరకలక్క ఆ చీకట్లో ఒక మాట కోసం ఎదురుచూస్తోంది. ఇన్నేళ్ళుగా రోజుకి వందసార్లు విన్న మాట ఇంకొక్కసారి వినపడుతుందేమోనని, వినపడదని తెలిసీ, ఎదురుచూస్తోంది.

గుండీ లేచి దీపం వేసింది.

"రేపు ఈవిణ్ణి మళ్ళీ సమాధి చెయ్యాలి. ఎక్కడో నాకు తెలియదు, నువ్వే చూపించాలి" అంది. "పొద్దున్నే బయల్దేరదాం. చేతికి మందు రాసుకుని పడుకో, పెద్దమ్మా."

ఇరవై ఏళ్ళలో మొదటిసారి గుండీ ఆమెని సరైన వరసతో పిలిచింది.

"సరేనమ్మా" అంది మరకలక్క.